పన్నెండు కాలాల పట్టిక – తెలుగు క్రియ: నంద్యాల, ఆళ్లగడ్డ వ్యవహారం ఆధారంగా ఒక విమర్శ

ప్రవేశిక

తెలుగు విద్యార్థి ఆంగ్ల క్రియాకాలాలను నేర్చుకొనేది సాధారణంగా ఒక పట్టిక ద్వారా. వర్తమాన, భూత, భవిష్యత్తులు మూడు అడ్డువరుసలు. సామాన్యం, అసంపూర్ణం, సంపూర్ణం, సంపూర్ణ అసంపూర్ణం నాలుగు నిలువువరుసలు. మొత్తం పన్నెండు గళ్లు. ప్రతి గడిలోనూ ఒక ఆంగ్ల వాక్యం, దాని కింద ఒక తెలుగు వాక్యం ఉంటాయి. ‘నేను తింటాను’, ‘నేను తినుచున్నాను’, ‘నేను తినియున్నాను’, ‘నేను తినుచునే యున్నాను’ అన్న వరస మార్గదర్శినులలోనూ, పోటీపరీక్షల శిక్షణ పుస్తకాలలోనూ, నల్లబల్లల మీదా తరతరాలుగా కనిపిస్తున్నది.

ఈ పట్టిక మీద విమర్శ ఇంతవరకు ఎక్కువగా ఆంగ్ల బోధన వైపు నుంచే వచ్చింది. దానిలోని తెలుగు సగాన్ని తెలుగు వ్యాకరణ దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉన్నది. పట్టికలోని తెలుగు వాక్యాలు తెలుగు వాక్యాలేనా? అవి చెప్పే అర్థం వాటి పక్కనున్న ఆంగ్ల వాక్యాల అర్థమేనా? విద్యార్థి చేసే కాలదోషాలకు మాతృభాషా ప్రభావమే కారణమని తరచుగా చెబుతారు. ఆ అభియోగంలో మాతృభాష పాలు ఎంత, మాతృభాష పేరుతో బోధించే కృత్రిమ భాష పాలు ఎంత? ఈ వ్యాసం ఈ మూడు ప్రశ్నలను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు వ్యవహారాన్ని ఆధారం చేసుకొని పరిశీలిస్తుంది.

పట్టిక నిర్మాణం

నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు, ఆ తరువాత రెన్, మార్టిన్‌ల పాఠశాలా వ్యాకరణం భారతదేశంలో ఆంగ్ల వ్యాకరణ బోధనకు ఒక మూసను స్థిరపరచాయి. మూడు కాలాలను నాలుగు రీతులతో గుణించే పద్ధతి ఆ సంప్రదాయం ద్వారా ఇక్కడ బలపడినదే. గుర్తుపెట్టుకోవడానికి ఇది అనుకూలం. అయితే ఆంగ్ల భాషాశాస్త్రం ఈ గుణకారాన్ని ఏనాడో సందేహించింది. రూపదృష్టితో చూస్తే ఆంగ్ల క్రియకు ఉన్నవి రెండే కాలాలు: భూతం, భూతేతరం. ‘ఈట్’ ధాతువుకు ‘ఈట్స్’, ‘ఏట్’ అన్న రూపాలున్నాయి కాని భవిష్యత్తుకు ప్రత్యేక ప్రత్యయం లేదు. ‘విల్’ అనేది సంకల్పాన్నీ ఊహనూ కూడా తెలిపే సహాయక క్రియ. 1985లో కిర్క్ ప్రభృతులు, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్‌లు ప్రకటించిన బృహద్వ్యాకరణాలు ఈ దృష్టినే స్వీకరించాయి. మిగిలిన నాలుగు నిలువువరుసల్లో ఉన్నది కాలం కాదు, క్రియావ్యాపారాన్ని వక్త ఎలా చూస్తున్నాడన్న అంశం. అది సాగుతున్నట్టు చూస్తున్నాడా, ముగిసి ఫలితం మిగిలినట్టు చూస్తున్నాడా అన్నది అక్కడి ప్రశ్న.

తత్త్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో దీనికి ఒక సులభమైన వివరణ ఇచ్చాడు. ఏ క్రియారూపాన్నైనా మూడు బిందువుల సంబంధంగా చూడవచ్చు: మాట్లాడే క్షణం, ఘటన జరిగిన క్షణం, వక్త ఏ క్షణంలో నిలబడి ఆ ఘటనను చూస్తున్నాడో ఆ ఆధారక్షణం. సామాన్య భూతంలో ఘటన, ఆధారక్షణం రెండూ గతంలోనే ఉంటాయి. వర్తమాన సంపూర్ణంలో ఘటన గతంలో ఉంటుంది, చూసే చోటు మాత్రం ఇప్పుడే. భూత సంపూర్ణంలో గతంలోని ఒక చోట నిలబడి అంతకంటె వెనుకటి ఘటనను చూస్తాము. పట్టిక విద్యార్థికి చెప్పనిది సరిగ్గా ఈ ఆధారక్షణం గురించే. గడులను కంఠస్థం చేసిన విద్యార్థికి ఏ గడిని ఎప్పుడు ఎంచుకోవాలో తెలియకపోవడానికి ఇదే కారణం.

తెలుగు వ్యాకర్తల విభజన

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదంలో వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మార్థాన్ని కూడా ప్రతిపాదించాడు. వండుచున్నాఁడు, వండెను, వండఁగలఁడు, వండును అన్నవి వరుసగా వాటి రూపాలు. ‘తద్ధర్మ’ శబ్దం పాణినీయం తృతీయాధ్యాయం ద్వితీయపాదం నుంచి వచ్చినది. అక్కడ అది కర్త స్వభావాన్ని, ధర్మాన్ని తెలిపే కృత్ప్రత్యయాల ప్రకరణానికి చెందినది. సూరి దానిని తెలుగు తిఙంతానికి తెచ్చి, ఒక నిర్ణీత క్షణానికి కట్టుబడని, కర్తకు స్వభావమైన వ్యాపారాన్ని తెలిపే రూపానికి పేరుగా పెట్టాడు. సంస్కృతపు పేరును తీసుకున్నా, తెలుగు క్రియలోని ఒక ప్రత్యేకతను గుర్తించి చేసిన విభజన ఇది.

ఆంగ్లంలోని సామాన్య వర్తమానానికి ఇంతకంటె సరిపడే పేరు లేదు. ‘సింపుల్ ప్రెజెంట్’ను ‘సామాన్య వర్తమానం’ అని అనువదించినప్పుడు విద్యార్థి అది ‘ఇప్పుడు’ జరిగేదని అనుకొంటాడు. నిజానికి అది ఇప్పుడు జరుగుతున్న దానిని చెప్పడం అరుదు. కుందూ నది నంద్యాల పక్కగా పారుతుంది. మహానంది కోనేటిలో నీరు ఊరుతుంది. ఆళ్లగడ్డ శిల్పులు రాతి విగ్రహాలు చెక్కుతారు. ఈ మూడు వాక్యాలూ తద్ధర్మార్థకాలు. మూడింటికీ ఆంగ్లంలో సామాన్య వర్తమానమే వస్తుంది. కార్ఖానాలో ఒక శిల్పి ఈ క్షణాన ఉలి పట్టి ఉంటే ‘చెక్కుతున్నాడు’ అంటాము, అప్పుడు ఆంగ్లంలోనూ అసంపూర్ణ రూపం వస్తుంది. ఈ భేదం ఆళ్లగడ్డ పిల్లవాడికి పుట్టుకతో తెలుసు. ‘మా నాయన విగ్రహాలు చెక్కుతాడు’ అన్నప్పుడు తండ్రి ఆ సమయానికి నిద్రపోతూ ఉండవచ్చునని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. తెలిసిన భేదాన్ని తెలియని పేరుతో బోధించడం వల్లనే అది కఠినమవుతున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సూరి వర్ణించినది కావ్యభాషను. ఆధునిక వ్యవహారంలో తద్ధర్మ, భవిష్యత్తులు ‘వస్తాడు’ అన్న ఒకే రూపంలో కలిశాయి. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌లు 1985 నాటి ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ రూపాన్ని భవిష్యత్తునూ అలవాటునూ కలిపి తెలిపే ఒకే కాలంగా గుర్తించారు. అందువల్ల ‘రేపు వస్తాడు’, ‘రోజూ వస్తాడు’ అన్నవాటిని ఆంగ్లంలో రెండుగా విడదీయడం నేర్పవలసి ఉంటుంది. ఆ విభజనకు విద్యార్థి చేతిలో ఉన్న సాధనం ‘రేపు’, ‘రోజూ’ అన్న కాలవాచక పదాలే.

అసలు చిక్కులు ఎక్కడ

రెండు భాషల క్రియలు నిజంగా విడిపోయే చోట్లను పట్టిక చూపదు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది, ‘తింటున్నాడు’ అన్న రూపం. దీనిని వర్తమానమని పట్టిక నిర్ణయిస్తుంది. కాని ‘నేను వెళ్ళేసరికి వాడు అన్నం తింటున్నాడు’ అన్న వాక్యంలో భోజనం గతంలోనిది. ‘ఉన్నాడు’ అన్న క్రియకే ఈ లక్షణం ఉన్నది. ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు’, ‘నిన్న ఇంట్లో ఉన్నాడు’ రెండూ సాధువాక్యాలే. అంటే శిష్టవ్యవహారంలో ‘తింటున్నాడు’ తెలిపేది వ్యాపారం సాగుతుండడాన్నే, కాలాన్ని సందర్భం నిర్ణయిస్తుంది. అందుకే విద్యార్థి ‘వెన్ ఐ వెంట్, హీ ఈజ్ ఈటింగ్’ అని రాస్తాడు. అతడు కాలాన్ని మరచిపోలేదు, తన భాషలో కాలం ఆ క్రియ మీద ఉండదు. ‘తింటూ ఉండేవాడు’ అన్న రూపం ఉన్నా అది గతంలోని అలవాటును చెబుతుంది, ఆ క్షణాన జరుగుతున్న దానిని కాదు.

రెండవది, గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న స్థితి. ‘మూడేళ్లుగా నంద్యాలలో ఉంటున్నాను’ అన్న వాక్యంలో తెలుగు ‘గా’ ప్రత్యయంతో వ్యవధిని చెప్పి, క్రియను సాగుతున్న రూపంలోనే ఉంచుతుంది. ఆంగ్లం ఇక్కడ సంపూర్ణ రూపాన్ని కోరుతుంది. ‘ఐ యామ్ లివింగ్ ఇన్ నంద్యాల సిన్స్ త్రీ ఇయర్స్’ అన్న వాక్యం ఈ తేడా నుంచే పుట్టింది.

మూడవది, నిషేధరూపం. ‘రాలేదు’ అన్న ఒక్క మాట ఆంగ్లంలోని రెండు రూపాలకు సమానం. ‘నిన్న రాలేదు’ అన్నప్పుడు సామాన్య భూతం, ‘ఇంకా రాలేదు’ అన్నప్పుడు వర్తమాన సంపూర్ణం వస్తాయి. ‘అహోబిలం ఎప్పుడైనా చూశావా?’, ‘నిన్న అహోబిలం చూశావా?’ అన్న ప్రశ్నలకూ ఇదే వర్తిస్తుంది. క్రియ మారదు, ‘ఎప్పుడైనా’, ‘నిన్న’ అన్న పదాలే ఆధారక్షణాన్ని నిర్ణయిస్తాయి.

నాలుగవది, అనుకరణ వాక్యం. ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు తెలుగు వక్త అన్న మాటను అతని పురుషతోనూ కాలంతోనూ యథాతథంగా నిలిపి ‘అని’ చేరుస్తుంది. ఆంగ్లం పురుషను మార్చడమే కాక క్రియను ఒక అడుగు వెనక్కి జరుపుతుంది. ఈ జరుపుడు తెలుగులో లేదు. దానిని అలవాటు చేయించాలేగాని తెలుగు అనువాదంతో వివరించలేము.

దీనికి భిన్నంగా, మాతృభాష మీద మోపిన కొన్ని దోషాలు దానివి కావు. ‘ఐ యామ్ నోయింగ్’ అన్న వాక్యానికి తెలుగు మూలం లేదు, ఎందుకంటే తెలుగువాడు ‘నాకు తెలుసు’ అంటాడు. ఆ రూపంలో సాగుతున్న అర్థమే లేదు. అది సూత్రాన్ని అతిగా వర్తింపజేయడం వల్ల వచ్చినది. ‘నమ్ముతున్నాను’, ‘ప్రేమిస్తున్నాను’, ‘అనుకుంటున్నాను’ అన్నవాటి సంగతి వేరు. అక్కడ తెలుగు సాగుతున్న రూపాన్ని నిజంగానే వాడుతుంది. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అన్న దానికి ‘నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు’ అన్న వాడుక కంటె, ‘హావ్’కు పుస్తకాలిచ్చే ‘కలిగియున్నాను’ అన్న అర్థమే దగ్గరగా ఉన్నది. ఈ మూడింటినీ ‘మాతృభాషా ప్రభావం’ అన్న ఒకే గంపకింద మూయడం శాస్త్రీయం కాదు.

‘తినియున్నాను’ అనే తెలుగు

పట్టికలోని అత్యంత సందేహాస్పదమైన గడి సంపూర్ణ వర్తమానానిది. ‘ఐ హావ్ ఈటెన్’ అన్నదానికి ‘నేను తినియున్నాను’ అని రాస్తారు. తెలుగునాట ఎవరూ భోజనం చేశాక అలా అనరు. ‘తిన్నాను’ అంటారు, లేదా ‘తినేశాను’ అంటారు. ‘తినేశాను’లోని ‘వేయు’ అనుప్రయోగం పని ముగిసిందన్న భావాన్ని సహజంగా తెలుపుతుంది. ‘రైలు వెళ్ళిపోయింది’లోని ‘పోవు’ కూడా అటువంటిదే. ‘నేను స్టేషన్ చేరేసరికి రైలు వెళ్ళిపోయింది’ అన్న వాక్యంలో ‘ఏసరికి’ ఆధారక్షణాన్ని, ‘పోయింది’ ముగింపును తెలుపుతాయి. భూత సంపూర్ణం చేసే పని అంతా ఇక్కడ జరిగిపోయింది. దాని స్థానంలో ‘రైలు వెళ్ళియుండెను’ అని బోధించినప్పుడు విద్యార్థి ఒక పరాయి రూపం ద్వారా మరొక పరాయి రూపాన్ని నేర్చుకోవలసి వస్తుంది.

క్త్వార్థకం మీద ‘ఉండు’ చేరిన రూపాలు తెలుగులో లేవని కాదు. ఉన్నాయి, కాని వాటి అర్థం వేరు. ‘తలుపు తీసి ఉంది’ అన్నది ఫలితస్థితిని చెబుతుంది. ‘వాడు ఈపాటికి వచ్చి ఉంటాడు’ అన్నది భవిష్యత్తు కాదు, ఊహ. పట్టిక ఈ రూపాన్ని భవిష్యత్ సంపూర్ణం గడిలో పెట్టి, ‘రేపు ఈ వేళకు నేను వచ్చి ఉంటాను’ అన్న ఒక్క ప్రయోగాన్నే చూపుతుంది. విచిత్రమేమంటే ఆంగ్లంలోని ‘విల్ హావ్’ కూడా ‘ఈపాటికి చేరి ఉంటాడు’ అన్న ఊహను తెలపగలదు. రెండు భాషలూ నిజంగా కలిసే అరుదైన చోటు ఇది. గడి పేరు ‘భవిష్యత్తు’ కావడంవల్ల ఆ కలయికను పట్టిక చూడలేకపోయింది.

భూతాన్ని లోపల విభజించే ఆలోచన మన శాస్త్రానికి కొత్త కాదు. పాణినీయంలో సామాన్య భూతానికి లుఙ్, నేటిది కాని భూతానికి లఙ్, వక్త చూడని భూతానికి లిట్ విధించబడ్డాయి. అద్యతన, అనద్యతన భేదం ఆంగ్ల భేదంతో పూర్తిగా సరిపోదు. ‘ఈ ఉదయం చూశాను’ అన్న అద్యతన ఘటనకు కూడా ఆంగ్లంలో సామాన్య భూతం రావచ్చు. అయినా భూతమంటే ఒకటే కాదని, వక్త నిలిచిన చోటును బట్టి అది విడిపోతుందని వివరించడానికి తెలుగు అధ్యాపకునికి ఇది సిద్ధంగా ఉన్న దారి.

నంద్యాల మాట

శిష్టవ్యవహారంలో ‘తింటున్నాడు’ రెండు కాలాలకూ వస్తుందని పైన చూశాము. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల మాటలో పరిస్థితి ఇలా లేదు. ఇక్కడ ‘వాడు తింటాండాడు’ అంటే ఇప్పుడు తింటున్నాడని అర్థం. గతంలోని ఆ క్షణాన్ని చెప్పవలసివస్తే ‘నేను పోయేతలికి వాడు తింటాండె’ అంటారు. ఉత్తమపురుషలో ‘తింటాండా’, ‘తింటాంటి’ అన్న జంట ఉన్నది. ‘ఇంట్లో ఉండాడు’, ‘నిన్న ఇంట్లో ఉండె’ అన్నవి కూడా ఇలాగే విడిపోతాయి. ఉచ్చారణ ఊరూరికీ కొంత మారుతుంది, ‘ఉండె’ చోట ‘ఉండ్య’ వినిపించే ఊళ్లున్నాయి. కాని భేదం మాత్రం స్థిరం. గ్రాంథికంలోని ‘తినుచుండెను’, ‘తినుచుంటిని’ అన్న రూపాలలోని ‘ఉండెను’, ‘ఉంటిని’లే ఇక్కడ సజీవంగా నిలిచాయి.

దీని పర్యవసానం చిన్నది కాదు. ఆంగ్లంలోని ‘ఈజ్ ఈటింగ్’, ‘వాజ్ ఈటింగ్’ భేదం రాయలసీమ పిల్లవాడి నోట ‘తింటాండాడు’, ‘తింటాండె’గా ముందే ఉన్నది. శిష్టభాషలో లేని వంతెన మాండలికంలో ఉన్నది. బడి చేసేదేమిటి? మొదట తెలుగు తరగతిలో ‘తింటాండె’ను తప్పని కొట్టివేసి ‘తింటున్నాడు’ అని దిద్దిస్తుంది. అంటే కాలభేదమున్న రూపాన్ని తీసివేసి, లేని రూపాన్ని ఇస్తుంది. తరువాత ఆంగ్ల తరగతిలో ఆ పోయిన భేదాన్నే ‘తినుచుండెను’ అన్న గ్రాంథికరూపంతో తిరిగి తేవాలని చూస్తుంది. ఈ వ్యాసకర్త హైస్కూలు చదువులో ఈ రెండూ ఒకే సంవత్సరంలో జరిగాయి. తెలుగు వాచకంలోని ప్రశ్నకు ‘తింటాండె’ అని జవాబు చెప్పినందుకు తరగతి నవ్వింది. కొన్ని నెలల తరువాత ఆంగ్ల నోటుపుస్తకంలో ‘తినుచుండెను’ అని పదిసార్లు రాయవలసి వచ్చింది. ఆ రెండూ ఒకే మాట అని తెలియడానికి విశ్వవిద్యాలయం దాకా రావలసి వచ్చింది.

కొన్ని ఆక్షేపణలు

పరీక్షకు పట్టిక ఉపయోగపడుతుంది కదా అని ఒక ఆక్షేపణ రావచ్చు. ఆంగ్ల రూపాల జాబితాగా అది పనికివస్తుంది, సందేహం లేదు. ఇక్కడి అభ్యంతరం దాని తెలుగు సగం మీద మాత్రమే. ఆ సగాన్ని తొలగించినా ఆంగ్ల సగానికి నష్టం లేదు.

భారతీయ ఆంగ్లం ఒక స్వతంత్ర భేదమని బ్రజ్ కచ్రూ వంటివారు స్థాపించిన తరువాత ‘ఐ యామ్ హావింగ్’ను తప్పని ఎందుకనాలి అన్నది మరొక ఆక్షేపణ. ఆ వాదంలో బలమున్నది. అయితే పరీక్షాపత్రం దిద్దేవారు, ఉద్యోగమిచ్చేవారు ఆ భేదాన్ని గౌరవించేంతవరకు పల్లె విద్యార్థికి ప్రామాణిక రూపం తెలిసి ఉండాలి. తెలిసి వాడకపోవడం వేరు, తెలియక వాడలేకపోవడం వేరు.

మాండలికం తరగతికి వస్తే శిష్టభాష దెబ్బతింటుందన్నది మూడవది. ఇది గిడుగు రామమూర్తి కాలం నుంచి వింటున్న భయమే. మాండలికాన్ని ఇక్కడ రాతభాషగా ప్రతిపాదించడం లేదు, వివరణకు సాధనంగా మాత్రమే ప్రతిపాదిస్తున్నాము. ‘తింటాండె’ తెలిసిన విద్యార్థి శిష్టభాషలోని ‘తింటున్నాడు’కు రెండు అర్థాలున్నాయని కూడా అప్పుడే స్పష్టంగా గ్రహిస్తాడు.

ఉపసంహారం

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమానికి ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానం వాటిని కొట్టివేసింది. ఆ వివాదం నడిచిన కాలంలోనే ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు బడులకు చేరాయి. మాధ్యమం ఏదైనా ఈ రెండు పుటల మధ్య నడిచే విద్యార్థికి దారి చూపవలసిన పరిభాష తెలుగు శాఖల బాధ్యత. ఇంతవరకు దానిని మార్గదర్శినుల ప్రచురణకర్తలకు వదిలివేశాము.

ఈ పరిశీలన నుంచి మూడు సూచనలు తేలుతున్నాయి. ‘సామాన్య వర్తమానం’ అన్న పేరుతోపాటు ‘తద్ధర్మం’ అన్న పేరును పాఠశాల వివరణల్లోకి తిరిగి తేవాలి. సంపూర్ణ రూపాలకు ‘తినియున్నాను’ వంటి కృత్రిమ సమానార్థకాలను మాని, ‘ఇంకా’, ‘ఇప్పుడే’, ‘ఎప్పుడైనా’, ‘ఏసరికి’ వంటి కాలవాచకాల ద్వారా ఆధారక్షణాన్ని బోధించాలి. ప్రాంతీయ వ్యవహారంలోని క్రియారూపాలను మండలాలవారీగా సేకరించి, వాటిలో ఏవి ఏ ఆంగ్ల రూపాలకు వంతెన కాగలవో తెలుగు శాఖలు నిర్ణయించాలి. తెలంగాణలోని ‘తింటుండె’ వంటి రూపాలు కూడా ఈ దృష్టితో పరిశీలించదగినవే.

ఆంగ్ల క్రియను సరిగా నేర్పడం ఆంగ్ల శాఖ పనే. కాని ఆ నేర్పుకు తెలుగును వాడుకొంటున్నంతకాలం, వాడే తెలుగు నిజమైన తెలుగై ఉండేటట్లు చూడవలసినవారం మనమే.